పంపింది కాదు, చేరింది

తెలుగు ఎం.ఏ. చదివి, పిల్లలకు ప్రబంధాలు చెప్పుకుని బ్రతికేవాడికి సి భాషతో ఏం పని అని అడిగేవాళ్ళు లేకపోలేదు. ఆ జాబితాలో మొదటి పేరు మా ఇంటావిడది. "అందులో సంధులున్నాయా, సమాసాలున్నాయా?" అని ఆవిడ ప్రశ్న. సంధులు లేవు గాని, వ్యాకరణం మాత్రం చిన్నయసూరిగారికన్న కటువైనది. మన విద్యార్థి వాక్యం చివర చుక్క పెట్టడం మరిచిపోతే అరమార్కుతో పోతుంది. అక్కడ సెమికోలను మరిచిపోతే కాగితమంతా తిప్పికొడతారు. 1972 ప్రాంతాల అమెరికాలోని బెల్ లాబొరేటరీలలో డెనిస్ రిచీ అనే ఆయన తయారుచేసిన భాష అది. యాభై ఏళ్ళు దాటినా వాడుక తగ్గలేదు. భాష అన్న తరవాత తెలుగు మాస్టారు తొంగిచూడటంలో తప్పేముంది చెప్పండి!

నిజానికి నన్ను ఇందులోకి లాగినవాడు మా కాలేజీలో బి.ఎస్సీ. చదివే కుర్రాడొకడు. చాపరాయి చూడవచ్చిన యాత్రికులకు మా డుంబ్రిగుడ పేరు తెలిసే వుంటుంది. చాపరాయి మా మండలంలోదే. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడేదాకా మేము విశాఖ జిల్లావాళ్ళం. జిల్లా మారింది గాని సిగ్నలు తీరు మారలేదు. ఈ గదిలో వున్న సిగ్నలు వసారాలోకి వస్తే వుండదు. వసారాలో దొరికినది పెరట్లో పోతుంది. ఫోనులో మాట్లాడేటప్పుడు మా ఊళ్ళో మనుషులు నిలబడే భంగిమలు చూస్తే, దిక్కులకు మొక్కుతున్నారేమో అనుకుంటారు కొత్తవాళ్ళు.

ఆ కుర్రాడి అవ్వకు కొండ భాష వచ్చు. కూబి అని కూడా అంటారు. కొండదొరల భాష అది. మన తెలుగుకు దూరపు చుట్టమేమీ కాదు. ఒకే శాఖలో పుట్టిన తోబుట్టువు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఈ భాషమీద రాసిన గ్రంథం 1969లో వెలువడింది. ఇంట్లో పిల్లలు క్రమంగా తెలుగులోకో, ఆదివాసీ ఒడియాలోకో వచ్చేస్తున్నారు. అవ్వకు తెలిసిన కథలూ పాటలూ అవ్వతోనే వున్నాయి. మనవడు ఆవిణ్ణి కూర్చోబెట్టి నలభై నిమిషాలు రికార్డు చేశాడు. మంచి పని. అయితే ఆ రికార్డు వున్నది వాడి దగ్గరున్న పాత లాప్‌టాప్‌లో. అది ఎప్పుడు కన్ను మూస్తుందో దానికే తెలియదు. విశాఖపట్నంలో నా మిత్రుడొకరు ఒక కంప్యూటరులో దానికి చోటిస్తానన్నారు. ఇక చేయవలసిందల్లా పంపడమే.

పంపడమేగా అనుకోకండి. లెక్క చూడండి. పాటను నాణ్యం తగ్గకుండా రికార్డు చేస్తే సెకనుకు 44,100 సార్లు గొంతును కొలిచి రాసుకుంటుంది యంత్రం. ఒక్కొక్క కొలతకు రెండు బైట్లు. ఎడమ చెవికొకటి, కుడి చెవికొకటి. అంటే సెకనుకు 1,76,400 బైట్లు. నలభై నిమిషాలకు 42,33,60,000 బైట్లు. మా కొండమీద అదృష్టం బాగుంటే సెకనుకు పది లక్షల బిట్లు పైకి వెళతాయి. అంటే లక్షా పాతికవేల బైట్లు. ఆ లెక్కన మొత్తం పంపడానికి 56 నిమిషాల పైచిలుకు. కాని మా సిగ్నలు ఇరవై నిమిషాలకోసారి తెగుతుంది. తెగిన ప్రతిసారీ మొదటినుంచి మొదలుపెట్టేవాడు ఎన్నాళ్ళకు పూర్తిచేస్తాడు? ఎన్నటికీ చెయ్యలేడు. మా కుర్రాడు తెరమీద "పంపు" అన్న బొత్తాం నొక్కుతూ మూడు రాత్రులు కూర్చుని, నాలుగోనాడు నా దగ్గరికి వచ్చాడు.

"సార్, పంపే ప్రోగ్రాం మనమే రాసుకుంటే?" అన్నాడు.

"రాయగలవా?"

"సి వచ్చు సార్. రూల్సు ఇంగ్లీషులో వున్నాయి. మీరు కూడా కూర్చుంటే చదువుకుందాం."

అలా కూర్చున్నాను. పుస్తకం ఏదైనా చదివి అర్థం చెప్పడం మా వృత్తి గదా!

ఆ నిబంధనల పేరు ఎఫ్.టి.పి. ఒక కంప్యూటరునుంచి ఇంకొక కంప్యూటరుకు ఫైలు చేరవేసేటప్పుడు ఇద్దరూ పాటించవలసిన మర్యాదలు అందులో వుంటాయి. మొట్టమొదట 1971 ఏప్రిల్ 16న వీటిని రాసినవాడు మనవాడే: అలహాబాదులో పుట్టి, కాన్పూరు ఐ.ఐ.టి.లో మొదటి జట్టు విద్యార్థిగా 1965లో పట్టా పుచ్చుకుని, అమెరికాలో ఎం.ఐ.టి.కి వెళ్ళిన అభయ్ భూషణ్. అప్పటికి ఇంటర్నెట్టు అన్న పేరే లేదు. దాని తాతగారు ఆర్పానెట్టు వుండేది. తరవాత 1985 అక్టోబరులో జాన్ పోస్టెల్, జాయిస్ రేనాల్డ్స్ అనే ఇద్దరు ఆ నిబంధనలను సవరించి స్థిరపరిచారు. మేము చదివింది ఆ ప్రతినే.

చదువుతూ వుంటే నాకు యంత్రాల సంగతిలా తోచలేదు. పెద్దమనిషి ఇంటికి పనిమీద వెళ్ళినప్పటి సంభాషణలా వుంది. అవతలి కంప్యూటరు 21వ నెంబరు గుమ్మం దగ్గర కూర్చుని వుంటుంది. మన ప్రోగ్రాం వెళ్ళి తలుపు తట్టాలి. తట్టగానే మన గొడవ చెప్పుకోకూడదు. లోపలినుంచి "220" అని వినబడేదాకా ఆగాలి. అంటే "సిద్ధంగా వున్నాను, రండి" అన్నమాట. అప్పుడు "యూజర్" అని మన పేరు చెప్పాలి. "331" అని జవాబు: పేరు సరే, సంకేతపదం ఏది? "పాస్" అని అది చెబితే "230", లోపలికి రావచ్చు. తప్పు చెబితే "530", దయచేయండి బయటికి. పని అయ్యాక "క్విట్" అంటే "221", మంచిది, వెళ్ళి రండి.

ఈ అంకెల్లో మొదటిదానికి ఒక అర్థముంది. ఒకటితో మొదలైతే పని మొదలుపెట్టాను, ఆగమని. రెండైతే పూర్తయిందని. మూడైతే ఇంతవరకు బాగుంది, మిగతాది చెప్పమని. నాలుగైతే ఇప్పుడు వీలుపడదు, కాసేపాగి మళ్ళీ రమ్మని. అయిదైతే కాదు, ఇదే మాట మళ్ళీ అడగవద్దని. మనుషుల్లో నాలుగుకూ అయిదుకూ తేడా తెలియక ఎంతమంది ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారో తలుచుకుంటే, ఈ పద్ధతి అన్నిచోట్లా పెడితే బాగుండుననిపించింది.

ఇందులో ఇంకొక చమత్కారముంది. మాటలు నడిచే దారి వేరు, సరుకు నడిచే దారి వేరు. సరుకు పంపాలంటే "పాస్వ్" అని అడగాలి. అవతలివాడు "227" అని చెప్పి ఆరు అంకెలిస్తాడు. మొదటి నాలుగూ అతని చిరునామా. చివరి రెండూ కలిస్తే సరుకు దించుకునే గుమ్మం నెంబరు. అయిదో అంకెను 256తో హెచ్చవేసి ఆరోదాన్ని కలపాలి. 195, 149 అన్నాడనుకోండి, 50,069వ గుమ్మం. మాట్లాడే దారి అలాగే తెరిచి వుంచి, ఆ గుమ్మానికి రెండో దారి వెయ్యాలి. బంతిలో వడ్డనకు ఒక దారి, "ఇంకా కావాలా, చాలా?" అని కేకలకు ఒక దారి వున్నట్టు.

ఇక సి భాషలో దీన్ని రాయడం. 1983లో బర్క్‌లీవాళ్ళు తమ యూనిక్సులో ఇచ్చిన సాకెట్టు పనిముట్లే ఇప్పటికీ ఆధారం: సాకెట్టు తెరవడం, కనెక్టు చెయ్యడం, పంపడం, అందుకోవడం. నాలుగు క్రియలే గదా అనుకున్నాడు మా కుర్రాడు. వాటిలో "అందుకోవడం" దగ్గర చిక్కుంది. అవతలివాడు ఒక వాక్యం చెబితే మనకు ఒక వాక్యంగా చేరుతుందన్న హామీ లేదు. సగమే రావచ్చు. ఒకటిన్నర రావచ్చు. వచ్చిన ముక్కలను ఒకచోట పోగుచేసుకుంటూ, వాక్యాంతం గుర్తు కనబడేదాకా జవాబు అనుకోకూడదు. ఆ గుర్తు రెండు అక్షరాలు: క్యారేజి రిటర్న్, లైన్ ఫీడ్. టైపు మిషను ఎరిగినవాళ్ళకు చెప్పనక్కరలేదు. బండిని వెనక్కు తోసి, కాగితాన్ని ఒక వరుస పైకి జరపడం. మిషన్లు మూలపడ్డాయి గాని ఆ రెండు కదలికలూ ఇంకా తీగలమీద తిరుగుతూనే వున్నాయి. మరొకటి. అంకె తరవాత చిన్న గీత వుంటే "ఇంకా చెబుతున్నాను, ఆగు" అని అర్థం. అదే అంకె తరవాత ఖాళీ వస్తేనే మాట ముగిసినట్టు. ఎదుటివాడు ఊపిరి తీసుకోవడానికి ఆగితే అందుకుని మాట్లాడేవాళ్ళకు ఇది మంచి పాఠం.

పంపే సరుకులో అక్షరాలున్నాయా, గొంతు వుందా అన్నది కూడా ముందే చెప్పాలి. అక్షరాల పద్ధతిలో పంపితే పంక్తుల చివరలను ఊరి ఆచారాన్నిబట్టి మార్చేస్తారు. పాటను అలా మారిస్తే పాట పాడవుతుంది. కనుక "టైప్ ఐ" అనాలి. ఉన్నదున్నట్టు, ముట్టుకోకుండా పంపమని.

అక్షరాల ప్రస్తావన వచ్చింది గనుక నా శాస్త్రానికి సంబంధించిన ముక్క ఒకటి. "తెలుగు" అనే మాటలో ఎన్ని అక్షరాలు? మూడు అంటాం. సి భాషను అడిగితే 18 అంటుంది! యంత్రం లెక్కలో గుణింతపు గుర్తు వేరు, హల్లు వేరు, అందుచేత ఆరు. ఒక్కొక్కదానికీ మూడేసి బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒకటే. ఇప్పుడీ మూడైనా దొరికాయి గాని పూర్వం అసలే లేవు. 1990ల తొలిరోజుల్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ అనే ఇద్దరు తెలుగుమాటలను ఇంగ్లీషు అక్షరాలతో రాసి పంపుకుని, అవతల మళ్ళీ తెలుగు లిపిలోకి తిప్పుకునే పద్ధతి కల్పించారు. రైస్ పేరుమీద దానిని రిట్ అన్నారు. యూనికోడులో 1991లోనే తెలుగుకు చోటు దొరికినా, అది ఇంటింటికీ చేరేదాకా తెలుగు ఇలా పరాయి వేషంలో సముద్రాలు దాటింది. వేషం మార్చుకునైనా ప్రయాణం చేసిన భాష బ్రతుకుతుంది.

అసలు కథకు వస్తాను. తెగిన చోటునుంచి మళ్ళీ మొదలుపెట్టడం ఎలా? దీనికి మా కుర్రాడు మొదట వేసిన ఎత్తు అందరూ వేసేదే. ఎన్ని బైట్లు పంపామో మన ప్రోగ్రామే లెక్క రాసుకుంటుంది. తెగితే ఆ లెక్కనుంచి అందుకుంటుంది. సబబుగానే వుంది. ఒక సాయంత్రం పరీక్షగా పంపుతూ వుంటే తీగ తెగింది. మన లెక్క 16,12,84,608. మళ్ళీ కలిశాక, సరదాకు అవతలివాణ్ణి అడిగి చూశాడు. "సైజ్" అనే ఆదేశముంది. ఆ ఫైలు నీ దగ్గర ఎంత వుంది అని. జవాబు 16,12,19,072.

కుర్రాడు నా వంక తిరిగి, "సార్, మన ప్రోగ్రాం అబద్ధం చెప్తంది" అన్నాడు.

అబద్ధమేమీ కాదు. పంపిన మాట నిజమే. తేడా 65,536 బైట్లు, మన చేతులనుంచి దాటాయి గాని వాళ్ళ చేతుల్లో పడలేదు. సి భాషలో "పంపు" అన్న క్రియ విజయవంతమైందంటే, మన కంప్యూటరే ఆ సరుకును తన సంచీలో వేసుకుందని మాత్రమే అర్థం. అవతలికి చేరిందని కాదు. కొత్తవలసనుంచి కిరండూలు పోయే మా రైలుదారినిండా సొరంగాలే. రైలు సొరంగంలో దూరటం చూసినవాడు, అది అవతలికి వచ్చిందని ఎలా చెప్పగలడు? ముందు స్టేషనువాణ్ణి అడగవలసిందే. పూర్వం రిజిస్టరు ఉత్తరానికి ముట్టినట్టు రసీదు కార్డు జతచేసి పంపేవారు. పంపిన రసీదు పంపినవాడి తృప్తికి. ముట్టిన రసీదే పనికి ఆధారం.

ఆ 65,536 బైట్లు పాటలో ఎంత? సెకనులో మూడోవంతుకు కాస్త ఎక్కువ. అవ్వ ఒక అక్షరం పలికేంత కాలం. మన లెక్కనే నమ్మి ముందుకు సాగితే, పాట మధ్య ఒక అక్షరం మాయమయ్యేది. ఎవరికీ తెలిసేది కాదు. ఇంకో ఇరవై ఏళ్ళ తరవాత ఎవరో విని, కొండ భాషలో ఆ మాట అలాగే పలికేవారు కాబోలు అనుకునేవారు.

మా కుర్రాడు లెక్క రాసుకునే పంక్తులు కొట్టేశాడు. ఇప్పుడు ప్రోగ్రాం చేసేది ఇది. తీగ తెగితే కాసేపు ఆగుతుంది. మళ్ళీ 21వ గుమ్మం తడుతుంది. పేరూ సంకేతపదమూ చెప్పుకుంటుంది. "సైజ్" అని అడుగుతుంది. అవతలివాడు చెప్పిన అంకె దగ్గరికి మన ఫైలులో వేలు జరుపుకుని, అక్కడినుంచి "అప్పె" అనే ఆదేశంతో మిగతాది అతికిస్తుంది. మనం తెచ్చుకునేటప్పుడైతే "రెస్ట్" అని, ఫలానా బైటునుంచి ఇవ్వమని అడగవచ్చు. సరుకు దారి మూసుకోగానే పని అయిపోయిందనుకోదు. ఎందుకంటే, పూర్తయినా ఆ దారి మూసుకుంటుంది, తెగినా మూసుకుంటుంది. మాటల దారిలో "226", చేరింది అని వినబడితేనే ఊరుకుంటుంది.

పని సిద్ధమైందని సంబరపడుతుండగా ఇంకొక అడ్డు. 1971నాటి నిబంధనలు మంచివాళ్ళ కాలంనాటివి. సంకేతపదం దాపరికం లేకుండా తీగమీద పోతుంది. దారిలో ఎవరైనా చదువుకోవచ్చు. ఈ కారణం కూడా చూపే 2021లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు రెండూ ఎఫ్.టి.పి.కి సెలవిచ్చాయి. అయితే తాళం వేసుకునే వీలు లేకపోలేదు. "ఆథ్ టి.ఎల్.ఎస్." అని అడిగితే "234" అని జవాబిచ్చి, అక్కడినుంచి ఇద్దరూ గుప్తలిపిలో మాట్లాడుకుంటారు. సరుకుకు వేరే తాళం, "ప్రాట్ పి". ఈ పద్ధతి 2005లో ఖాయమైంది. తాళానికి కుర్రాడు ఇంకో రెండు వారాలు పెట్టుబడి పెట్టాడు.

"పాటేగా సార్, రహస్యమేటుంది? ఇప్పుడే పంపేద్దామా?" అన్నాడు మధ్యలో విసుగొచ్చి.

"మీ అవ్వను అడిగి చెప్పు" అన్నాను.

అవ్వ ఆలోచించి చెప్పిందట: "దాచుకునేవాళ్ళకు పంపండి గాని, దారిన పోయేవాళ్ళు ఇనేస్తే నాను ఊరుకోను." ఆపైన మేము చర్చించలేదు. తాళం బిగించాకే గొంతు బయల్దేరింది.

ఒక రాత్రి ఎనిమిదింటికి మొదలైంది. నాలుగుసార్లు తెగింది. నాలుగుసార్లూ ఎవరూ ముట్టుకోకుండా అదే మళ్ళీ లేచి, అదే అడిగి, అదే అతికించింది. పదిన్నరకు నల్లతెరమీద "226" పడింది. మొత్తం 42,33,60,000 బైట్లూ, పైన శీర్షికకు పట్టే కొద్దిపాటివీ చేరాయి. అప్పటికీ మా కుర్రాడు నమ్మలేదు! రెండువైపులా ఫైలుకు 64 గుర్తుల ముద్ర ఒకటి లెక్కకట్టించాడు. ఒక్క బైటు తేడావున్నా ఆ ముద్ర పూర్తిగా మారిపోతుంది. విశాఖనుంచి మిత్రుడు ఫోనులో చదువుతూ వుంటే, వీడు ఒక్కొక్క గుర్తునూ వేలితో చూసుకున్నాడు. అరవైనాలుగూ కలిశాయి. "చేరింది సార్" అన్నాడు. "పంపాను" అనలేదు.

ఇంత కష్టం దేనికి, తయారుగా దొరికే ప్రోగ్రాములు వున్నాయి గదా అని మీలో కొందరు అనుకోవచ్చు. వున్నాయి. తెగినచోటునుంచి అందుకునేవీ వున్నాయి. వాటిలో ఒకటి తెచ్చుకుంటే వారం రోజుల్లో పని తేలేది. వంట హోటలులోనూ దొరుకుతుంది; అయినా ఇంట్లో పిల్లకు నేర్పుతాం. మా కొండల పిల్లల చేతుల్లో ఫోన్లున్నాయి. నొక్కడం అందరికీ వచ్చు. నొక్కిన తరవాత ఏం జరుగుతుందో తెలిసినవాడు మాత్రం ఊరికొకడు కూడా లేడు. మూడొందల పైచిలుకు పంక్తులు రాసి, అవి పనిచెయ్యడం చూసిన కుర్రాడికి ఇక ఏ యంత్రమూ దేవతా కాదు, దయ్యమూ కాదు. జవాబు విని మాట్లాడే ఇంకొక మనిషిలాంటిది. వాడు ఇప్పుడు తన కింది తరగతి పిల్లలిద్దరిని కూర్చోబెట్టి "220 వచ్చేదాకా నోరు మూసుకోవాలి" అని చెబుతున్నాడు.

నా మట్టుకు నాకు దక్కింది ఒక్క ఆదేశం. ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను. గంట కొట్టేసరికి పద్యం పూర్తిచేస్తే, చెప్పాను అనుకుంటాం మాస్టార్లం అందరమూ. తల్లిదండ్రులూ అంతే, "వాడికి వందసార్లు చెప్పాను" అంటారు. అన్నది నిజమే. వంద మన లెక్క. పిల్లవాడి లెక్క ఎంతో వాడిని అడిగితేనే తెలుస్తుంది. ఇంట్లో ఒక భాషా, బడిలో ఒక భాషా మాట్లాడే పిల్లల దగ్గర ఈ తేడా మరీ ఎక్కువ. ఇప్పుడు నేను క్లాసు మొదట్లో నిన్న ఎక్కడ ఆపానో చెప్పడం మానేశాను. "నిన్నటిది నీకు ఎక్కడిదాకా చేరింది?" అని ఒకరిద్దరిని అడుగుతాను. వాళ్ళు చెప్పిన చోటు ఎప్పుడూ నేను ఆపిన చోటుకు కాస్త వెనకే వుంటుంది. అక్కడినుంచి అతికిస్తాను.